కండక్టర్ తాత ఇంటి ముందు మంచు యుగం

ఆ రోజుల్లో లోకంలో నాకు తెలియనిదేదీ లేదని నా గట్టి నమ్మకం. ఇరవై మూడేళ్ల వయసు, చేతిలో బీయస్సీ, బీఎడ్ కాగితాలు, కళ్లకు కొత్త అద్దాలు. ఇంకేం కావాలి? భూమి ఎప్పుడు గడ్డకట్టిందో, ఎప్పుడు కరిగిందో, మొదటి జంతువు ఏ నీళ్లలో పుట్టిందో నిద్రలో లేపి అడిగినా చెప్పేదాన్ని. నారాయణఖేడ్‌లో ఐసు దిమ్మ ఎవరు ఎందుకు కొంటారో మాత్రం తెలియదు. ఆ ఒక్క ముక్క తెలియకపోవడం వల్ల, గుండ్రాయిలా ఉన్న మనిషిని రెండు రోజుల పాటు చంపి, ఊరంతటితో ఏడిపించి, చివరికి నేనూ ఏడ్చాను. ఇప్పటికీ ఆ బస్టాండులో దిగితే ఎవరో ఒకరు "ఐసు టీచరమ్మ వచ్చిందిరో" అంటారు. అననీయండి. తప్పు నాదే కదా.

మాది మనూర్ అవతల ఓ చిన్న పల్లె. నారాయణఖేడ్‌లో ఒక ప్రైవేటు బడివాళ్లు నన్ను సైన్సు చెప్పడానికి ఏడాదికని తీసుకున్నారు. నేను అద్దెకు దిగిన ఇల్లు కండక్టర్ తాతది. తాత ముప్పై ఏళ్లు బస్సులో టిక్కెట్లు కొట్టి దిగినవాడు. మనూర్, నాగల్‌గిద్ద, బోరంచ దారుల్లో ఆయన ఎక్కించని మనిషి లేడు, ఆయన తిట్టని మనిషి అంతకంటే లేడు. ఉద్యోగం అయిపోయినా మెడలో వేలాడే ఈలను, అదే సీటీని, మాత్రం తీయలేదు. ఒక సీటీ కొడితే ఆగమని, రెండు కొడితే కదలమని. ఇంట్లో కూడా అదే భాష. అవ్వ కంచంలో పప్పు వడ్డిస్తుంటే చాలనుకున్నప్పుడు ఒక సీటీ కొట్టేవాడు. (అవ్వ ఆగేది కాదు. "నీ బస్సు కాదిది, నోరు మూస్కొని తిను" అని ఇంకో గరిటె వేసేది.) నేను పొద్దున బడికి ఆలస్యంగా బయలుదేరితే మాత్రం వెనక నుంచి రెండు సీటీలు వినపడేవి.

ఇక బడి సంగతి. దీపావళి ముందు నేను పిల్లలకు అగ్నిపర్వతం చేసి చూపించబోతే అది కాస్త ఉత్సాహపడి, కరస్పాండెంట్ సారు టేబుల్ మీది ప్లాస్టిక్ పూలగుత్తిని ముద్దలా కరిగించింది. ఆ ముద్దను ఆయన పారేయలేదు. నేను కనపడ్డప్పుడల్లా దాని వైపు చూసి, తర్వాత నా వైపు చూసేవాడు. మార్చిలో సైన్సు ప్రదర్శన పెట్టారు. ఆయన నన్ను పిలిచి, "చూడు మేడం, శనివారం పదకొండు గంటలకు మండల ఆఫీసరు వస్తుండు. నీ ఐటం చూసి ఆయన తల ఊపాలె. ఊపలేదనుకో, జూన్ల నువ్వు తకలీఫ్ తీస్కొని రానవసరం లేదు" అన్నాడు. మా నాన్న అప్పటికే మనూర్ నుంచి నాగల్‌గిద్ద దాకా ప్రతి టీ కొట్టులో "మా బిడ్డ టీచరు" అని చెప్పుకొని వచ్చాడు. ఉద్యోగం పోతే పోయింది, ఆయన ఆ టీ కొట్లన్నీ మళ్లీ ఎలా తిరుగుతాడు?

అందుకని ఆఫీసరు తల ఊపడమే కాదు, మెడ పట్టేసేంత గొప్ప ఐటం చేయాలని నిశ్చయించుకున్నాను. ఆలోచించి ఆలోచించి మంచు యుగం పట్టుకున్నాను. సుమారు డెబ్బై కోట్ల ఏళ్ల కిందట భూమి నడినెత్తి నుంచి నడుము దాకా మంచుతో కప్పుకుపోయింది. కోట్ల ఏళ్లు అలాగే పడుకుంది. నిప్పుకొండలు పొగ కక్కి కక్కి ఆ దుప్పటిని కరిగించాక, ఆ కరిగిన నీళ్ల కాలంలోనే జంతువులు మెల్లగా కళ్లు తెరిచాయి. (కళ్లు తెరిచాయని అనకూడదు, వాటికి కళ్లు లేవు. నోరూ లేదు, కాళ్లూ లేవు. స్పాంజి లాంటివి, ఆకులా ఉండి ఆకు కానివి, సముద్రం అడుగున రొట్టెలా పరుచుకొని పడి ఉండేవి.) నా పథకం ఏమిటంటే, రెండు పెద్ద ఐసు దిమ్మల్లో స్పాంజి ముక్కలు, మట్టితో చేసి కాల్చిన ఆ వింత జీవాలు ముందే పెట్టి గడ్డకట్టించాలి. ప్రదర్శనలో అందరూ చూస్తుండగా మంచు కరగాలి, ఒక్కొక్క జంతువూ బయటపడాలి. నారాయణఖేడ్ మార్చి ఎండ నిప్పుకొండల పని చూసుకుంటుంది. బడి గేటు తొమ్మిదిన్నరకు గాని తీయరు కనుక, దిమ్మలు ముందు మా ఇంటి దగ్గర దించుకొని ఆటోలో తీసుకెళ్లాలి. ఇంత తెలివి నాకెలా వచ్చిందా అని ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

గురువారం సాయంత్రం ఐసు కార్ఖానాకు వెళ్లాను. అక్కడి పెద్దమనిషి రుమాలుతో మెడ తుడుచుకుంటూ "ఏం కావాలె?" అన్నాడు.

"నిండు దిమ్మలు రెండు కావాలె. పగలగొట్టొద్దు."

రుమాలు ఆగిపోయింది. గొంతు మెత్తబడింది. "అయ్యో. ఎప్పటికి కావాలమ్మా?"

"శనివారం పొద్దుగాల ఏడు గంటలకు. కండక్టర్ తాత ఇంటి ముందర దించాలె. పదకొండు గంటలకు పెద్దోళ్లంత వస్తరు."

"శనివారమా? ఇంక రెండు రోజులున్నది కదమ్మా. ముందుగాలనే చెప్పిండ్రా?"

"చెప్పిండ్రు. శనివారం దాటేది లేదన్నరు" అన్నాను, మా కరస్పాండెంట్ సారు ముఖం గుర్తొచ్చి నిట్టూరుస్తూ.

ఆయన గోడకు ఆనుకున్నాడు. నేను సంచిలోంచి స్పాంజి ముక్కలు, మట్టి జీవాలు తీసి బల్ల మీద పేర్చి, ఇవి నీళ్లలో వేసి గడ్డకట్టించాలని చెప్పాను. ఆయన ఆ మట్టి రొట్టెను చాలాసేపు చూసి, "ఇది మీ రివాజా బిడ్డా?" అన్నాడు. సైన్సు వాళ్ల పద్ధతి గురించి అడుగుతున్నాడనుకొని "అవును" అన్నాను. "రివాజు అంటే చెయ్యాల్సిందే. నువ్వు ధైర్యంగుండు" అని నా తల మీద చెయ్యి పెట్టాడు. సైన్సు అంటే ఈ ఊళ్లో ఇంత గౌరవం ఉందా అని పొంగిపోతూ ఇంటికి వచ్చాను.

మీకు ఇప్పుడే చెప్పేస్తాను, నాకు మాత్రం ఎవరూ చెప్పలేదు. ఆ ఊళ్లో పెండ్లికి, పేరంటానికి ఐసు తీసుకునేవాళ్లు పగలగొట్టించి డబ్బాల్లో పోయించుకుంటారు. నిండు దిమ్మలు, అదీ జంటగా, పొద్దున్నే ఇంటి ముందు దించమన్నారంటే ఒక్కటే అర్థం. దూరపు చుట్టాలు వచ్చేదాకా పోయిన మనిషిని వాటి మీద పడుకోబెడతారు. తాత శనివారం దాటడని డాక్టర్లు చెప్పేశారనుకొని ఐసాయన ఆ రాత్రే ఊళ్లో నలుగురి చెవినా వేశాడు. అలాంటప్పుడు ఎవరూ ఎదురు ప్రశ్నలు వేయరు, అది మర్యాద. ఆ మర్యాదే నా కొంప ముంచింది.

శుక్రవారం పొద్దున్నుంచి మా ఇంటికి జనం రావడం మొదలైంది. ఒకాయన అరటిపండ్లు తెచ్చాడు, ఒకామె బోరంచ నల్లపోచమ్మ గుడి నుంచి పసుపు కుంకుమ తెచ్చింది. కంది చేలల్లోంచి, జొన్న కల్లాల్లోంచి పని విడిచి వచ్చారు. అందరూ తాత మంచం పక్కన కూర్చొని, ఆయన చెయ్యి పట్టుకొని, "ఎట్లున్నవే?" అనడం. తాత "నాకేమైంది, మస్తుగున్న" అనడం. వాళ్లు ఒకరి ముఖాలొకరు చూసుకొని "అట్లనే అనాలె" అని కళ్లు తుడుచుకోవడం. ఒకాయనైతే "నువ్వు నన్ను ఎన్నిసార్లు బస్సుల నుంచి దించినా నేను మనసుల పెట్టుకోలే" అని క్షమించి మరీ వెళ్లాడు. నాకు ముచ్చటేసింది. రిటైరైన మనిషిని ఇంతమంది తలుచుకుంటున్నారు, మన జనం ఎంత మంచివాళ్లు అనుకుంటూ నా గదిలో చార్టు మీద స్పాంజికి రంగులు వేసుకుంటున్నాను.

సాయంత్రానికి తాత ముఖంలో నెత్తురు లేదు. అద్దం ముందు నిలబడి నాలుక బయటపెట్టి చూసుకున్నాడు. "నాకేమన్న అయ్యిందానే?" అని అవ్వను అడిగాడు. "నీకేమైతది, నలుగురొచ్చేసరికి నకరాలు చేస్తున్నవ్" అంది అవ్వ. ఆ రాత్రి తాత పప్పుకి సీటీ కొట్టలేదు. తెల్లవారుజామునే లేచి, అవ్వ పరేషాన్ అవుతుందని చెప్పకుండా, సీటీ కూడా గూటిలో పెట్టి, మెల్లగా దవాఖానకు నడిచి వెళ్లిపోయాడు. దారిలో పాలు పోసే ఆమె ఆయన్ను చూసింది.

సరిగ్గా ఏడింటికి ఆటో వచ్చింది. ఐసాయన స్వయంగా వచ్చాడు. నలుగురు మనుషులు రంపపు పొట్టు దులిపి రెండు దిమ్మలను వాకిట్లో పక్కపక్కనే పరిచారు. వాళ్లు గోనె సంచులు కప్పబోతే "వద్దొద్దు, కప్పొద్దు, అందరు చూడాలె" అన్నాను. నాలుగు తలలూ కిందికి వంగాయి. దిమ్మల లోపల నా స్పాంజి, నా మట్టి రొట్టె, నా ఆకు జీవం మసకమసకగా కనపడుతున్నాయి. ఆనందంతో నా కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ నీళ్లు చూసి పక్కింటామె మొదటి కేక పెట్టింది.

ఆ తర్వాత ఎవరు ఎటు నుంచి వచ్చారో నాకు తెలియదు. పాలామె "పొద్దుగాలనే దవాఖానకు పోతుంటే నేనే చూసిన, గదే ఆఖరి చూపు" అంటోంది. పెరట్లో అంట్లు తోముతున్న అవ్వ బూడిద చేతులతో పరుగెత్తుకొచ్చింది. మంచం ఖాళీ, వాకిట్లో ఐసు, చుట్టూ ఏడుపులు. పదిమంది ఆడవాళ్లు ఆమె మీద పడ్డారు. అవ్వ అరుగు మీద కూలబడి, గూటిలోని సీటీ తీసి గుప్పిట్లో పట్టుకుంది. అప్పుడు నాకు విషయం తలకెక్కింది. ఆ గుప్పిట చూసి నా ప్రాణం చచ్చిపోయింది. "అవ్వా, తాతకేం కాలే! ఇది మంచు యుగం!" అని గొంతు చించుకున్నాను. ఒక ముసలామె నా వీపు నిమిరి, "ఏ యుగమైనా పోవాల్సిందే బిడ్డా" అంది. "ఇది జంతువులు పుట్టిన కథ! బడికి తీసుకపోవాలె!" అన్నాను. "పాపం, సొంత తాత లెక్క చూసుకున్నడు, పిల్లకు మతి తప్పింది" అన్నారు. నాకు నీళ్లు తాగించారు. నేను తాగాను. ఏం చేయను మరి?

తొమ్మిదింటికి నాగల్‌గిద్ద బస్సులో డ్రైవర్ తాత దిగాడు. ఈయన మా తాతతో ఇరవై ఏళ్లు బండి నడిపినవాడు. ఒకరోజు రెండో సీటీ కొట్టకముందే బస్సు కదిలించి, కండక్టర్‌ను టిక్కెట్ల సంచితో సహా నాగల్‌గిద్ద స్టాండులో వదిలేసి వచ్చాడు. ఆ రోజు నుంచి ఇద్దరికీ మాటల్లేవు. ఇప్పుడు ఆయన ఐసు దిమ్మ పక్కన కూలబడి, "ఒక్క దినమే కదనే సీటీ ఇనకుంట కదిలించిన! నువ్వేమో నాకు చెప్పకుంటనే కదిలిపోయినవ్!" అని ఏడుస్తుంటే, సంగతి తెలిసిన నాకు కూడా ఏడుపు ఆగలేదు.

అదే సమయానికి సందు మొదట్లో తాత కనపడ్డాడట. చేతిలో దవాఖాన కాగితం. తన ఇంటి ముందు జనాన్ని చూసి, చివర నిలబడ్డ మనిషిని "ఎవరు పోయిండ్రే?" అని అడిగాడు. వాడు వెనక్కి చూడకుండానే "కండక్టర్" అన్నాడు. తాత వెంటనే చెప్పులు విడిచి, "అయ్యో పాపం, ఏ కండక్టర్?" అన్నాడు. అని, అక్కడే నిలబడి విన్నాడు. టిక్కెట్టుకు పైసల్లేని పిల్లల తల్లులను ఎండలో దించకుండా తీసుకెళ్లేవాడని ఒకరు, చీకట్లో ఆడపిల్ల దిగితే ఇంట్లో దీపం కనపడేదాకా బండి ఆపేవాడని ఇంకొకరు. తాత ముఖం వెలిగిపోతోంది. ఇంకాసేపు వినేవాడే. ఇంతలో ఎవరో "మనిషి బంగారం, గాని గుస్స జాస్తి" అన్నారు.

"ఎవనికిరా గుస్స?" అని వెనక నుంచి గర్జన వినపడింది.

సగం మంది పారిపోయారు. మిగిలినవాళ్లు ఆ గుస్సను గుర్తుపట్టి అక్కడే చతికిలబడ్డారు. అవ్వ లేచి నడుచుకుంటూ వెళ్లి, ఆయన జబ్బ పట్టి గట్టిగా ఊపి, "చెప్పి పోవాల్నని తెల్వదా?" అంది. అంతే, ఆ తర్వాత వెక్కివెక్కి ఏడ్చింది. తాత కాగితం పైకెత్తి, "ఏడుస్తవేందే? ఇంకో ఇరవై ఏండ్లు ఢోకా లేదన్నడు డాక్టర్ సాబ్!" అన్నాడు. డ్రైవర్ తాత కళ్లు తుడుచుకొని, కోపంతో ఊగిపోతూ, "బతికే ఉన్నవా? మరి నన్నెందుకు ఇంత దూరం రప్పిచ్చినవ్?" అన్నాడు. ఇద్దరూ అక్కడే పోట్లాట మొదలుపెట్టారు. మాటలైతే కలిశాయి.

అప్పుడు అందరి చూపులూ దిమ్మల మీదికి, అక్కడి నుంచి నా మీదికి తిరిగాయి. నేను సంగతంతా చెప్పి, ఉద్యోగం మాట దగ్గరికి వచ్చేసరికి ఏడ్చేశాను. తొమ్మిదిన్నర దాటింది, ఎండ ముదిరింది, దిమ్మల మూలలు కరుగుతున్నాయి. బడికి తీసుకెళ్లడానికి ఆటోను పిలుద్దామంటే ఊళ్లోని ఆటోలన్నీ చావుకొచ్చిన వాళ్లను దించి సందులో ఇరుక్కుపోయాయి. తాత అవ్వ గుప్పిట్లోంచి సీటీ తీసుకొని ఒక్కటి కొట్టాడు. వాకిలి మొత్తం గప్‌చుప్. "ఇంతమంది వచ్చిండ్రు, ఉత్తగ పంపిస్తమా? ఇక్కడనే చెప్పు బిడ్డా నీ పాఠం. ఏయ్, వెనక జాగ ఉంది, లోపలికి జరుగుండ్రి! ఎత్తున్నోళ్లు కూసోండ్రి!" అని జనాన్ని సర్దాడు.

అలా నేను పాఠం మొదలుపెట్టాను. భూమంతా మంచు అనగానే ఒక రైతు చెయ్యెత్తి, "మన నారాయణఖేడ్ గూడనా?" అన్నాడు. "ఇక్కడ గూడ" అన్నాను. (అప్పటి నారాయణఖేడ్ ఎక్కడుందో నాకేం తెలుసు? లేదంటే పాఠం ఆగిపోతుంది.) "అయితే కంది మొత్తం పోయినట్టే" అని ఆయన తల పట్టుకున్నాడు. పక్కవాళ్లు ఆయన్ను ఓదార్చారు. మొదటి దిమ్మలోంచి మట్టి రొట్టె బయటపడింది. "ఇది జంతువు. నోరు లేదు, కడుపు లేదు" అన్నాను. "నోరు లేకుంటె ఎట్ల తింటది?" "ఒంటితోని పీల్చుకుంటది." అవ్వ తాత వైపు చూసి, "గిసొంటి దాన్ని చేసుకుంటె నాకు వంట తప్పుతుండె" అంది. స్పాంజి జారి పడినప్పుడైతే, ఇదే మన అందరి మూలపురుషుడి లాంటిదని చెప్పేసరికి, పక్కింటామె చటుక్కున దానికి కుంకుమ బొట్టు పెట్టింది. నేను ఆపలేదు. చావుకు తెచ్చిన దండలు వాపసు తీసుకెళ్లకూడదంటూ మిగిలినవాళ్లు వాటిని దిమ్మల మీద వేశారు.

పదకొండింటికి మా కరస్పాండెంట్ సారు, మండల ఆఫీసరు చెరో పూలదండ పట్టుకొని వచ్చారు. బడికి ఒక్క తల్లీ తండ్రీ రాలేదట, అందరూ చావుకు పోయారని తెలిసి ఇటే వచ్చారట. పోయినాయన గుమ్మంలో నిలబడి "ఎక్కుండ్రి, ఎక్కుండ్రి" అంటున్నాడు. ఐసు మీద దండలు, మధ్యలో బొట్టు పెట్టుకున్న స్పాంజి. రెండు వందల మంది చెంగులతో, రుమాళ్లతో ముఖాలు తుడుచుకుంటూ జంతువుల పుట్టుక గురించి వాదించుకుంటున్నారు. ఆఫీసరు దండ ఎవరికి వేయాలో తెలియక చాలాసేపు పట్టుకొని నిలబడ్డాడు. తర్వాత తల ఊపాడు. అది మెచ్చుకోలో, దిగ్భ్రాంతో నాకు ఈ రోజుకీ తెలియదు. "ఇంతమంది తల్లిదండ్రులను ఏ ప్రదర్శనల చూడలే" అన్నాడు. మా సారు వెంటనే, "మా బడి ఎప్పుడైనా జనం నడుమకే పోతది సార్" అన్నాడు. జూన్‌లో మళ్లీ రమ్మన్నాడు నన్ను. పూల ముద్ద మాత్రం టేబుల్ మీదే ఉంచాడు.

తర్వాత నాకు సర్కారు ఉద్యోగం వచ్చింది, వేరే ఊరికి వెళ్లిపోయాను. ఈ మధ్య ఒకరోజు అవ్వ ఫోన్ చేసింది. "తాత పోయిండు బిడ్డా. ఐసు వచ్చింది. గని ఎవ్వరొస్తలేరు. గా ఐసు టీచరమ్మదే అనుకుంటుండ్రు. నువ్వొచ్చి జర చెప్పు."

నారాయణఖేడ్ బస్టాండులో దిగాను. వచ్చే ప్రతి బస్సు దగ్గరా, పోయే ప్రతి ఆటో దగ్గరా నిలబడి చెప్పాను, ఈసారి నిజమేనని. కొందరు నవ్వి, "ఈసారి ఏ జంతువమ్మా?" అన్నారు. నా ముఖం చూశాక నవ్వు ఆపారు. మధ్యాహ్నానికి సందు నిండింది. పాడె ఎత్తేటప్పుడు ఎవరూ కదలలేదు, అందరూ డ్రైవర్ తాత వైపు చూశారు. ఆయన మా తాత సీటీ తీసుకొని, రెండుసార్లు కొట్టాడు. అప్పుడు కదిలారు.

వాకిట్లో నేనూ అవ్వా, రెండు దిమ్మలూ మిగిలాం. గూట్లో సీటీ ఉండే చోటు పక్కనే నా స్పాంజి ఉంది, బొట్టు రంగు వెలిసిపోయింది. లోకంలో తనకు తెలియనిదేదీ లేదనుకొని, కొత్త అద్దాలు పెట్టుకొని "కప్పొద్దు, అందరు చూడాలె" అని ఇదే వాకిట్లో కేకలేసిన ఆ పిల్ల గుర్తొచ్చి, అంత దుఃఖంలోనూ నాకు నవ్వొచ్చింది. వాకిలి కడగాల్సి ఉన్నా అవ్వ చీపురు పట్టలేదు. దిమ్మల వైపే చూస్తూ, "లోపల ఏమన్న పెట్టిచ్చినవా బిడ్డా?" అని అడిగింది.

"లేదవ్వా. ఈసారి ఉత్త ఐసే."

అయినా ఇద్దరం అరుగు మీద కూర్చొని, అది మొత్తం కరిగేదాకా చూశాం.